చప్పుడు వింటే ఎలుక ముందు ఎందుకు ఆగుతుంది?

ఒకప్పుడు ఎలుకలకు ఆగడమే తెలియదు. చప్పుడైతే చాలు, ముఖం ఎటుంటే అటు పరుగెత్తేవి.

ఆ రోజుల్లో ఒక ధాన్యం కొట్టులో, బస్తాల వెనక గడ్డిలో, చుంచమ్మ అనే ఎలుక పిల్లలతో కాపురం ఉండేది. పైన గోడమీద బల్లత్త అనే బల్లి ఉండేది. పిల్లి గడప దాటితే అందరికంటే ముందు బల్లత్తకే కనిపించేది. వెంటనే "కిచ్ కిచ్" అని హెచ్చరించేది.

ఒకరోజు పిల్లి వచ్చి బస్తాల పక్కన నక్కింది. బల్లత్త అరిచింది. చుంచమ్మ దిగ్గున లేచి సరిగ్గా పిల్లి కాళ్ళ మధ్యకే పరుగెత్తింది. ఎలాగో బతికి బయటపడింది కానీ తోక చివర పిల్లి నోట్లోనే ఉండిపోయింది.

"పిల్లి వచ్చిందని చెబితే పిల్లి దగ్గరికే పోతావేంటే?" అని విసుక్కుంది బల్లత్త.

"నేనేం చెయ్యను అత్తా? నీ గొంతు వినగానే కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి."

"సరే, ఈసారి ఇంకా ముందే చెబుతాను. తీరిగ్గా దాక్కో."

మర్నాడు పిల్లి ఇంకా వీధిలో ఉండగానే బల్లత్త అరిచింది. చుంచమ్మ కన్నంలో దూరి కాసేపు చూసింది. ఎవరూ రాలేదు. ఇక రారులే అనుకుని గింజలు ఏరుకోవడానికి బయటికొచ్చింది. పిల్లి అప్పుడే లోపలికొచ్చింది. ఈసారి చుంచమ్మ వీపంతా గీరుకుపోయింది.

బల్లత్తకు ఒళ్ళు మండింది. "ఆలస్యంగా చెబితే ఎదురెళ్తావు. ముందే చెబితే మరిచిపోతావు. నా గొంతు అరగడమే తప్ప ఏం లాభం? ఇక నేను నోరు విప్పను."

"అలా అనకత్తా, పిల్లలు గలదాన్ని."

"ఆ పిల్లల్ని చూసే ఇన్నాళ్ళూ అరిచాను," అని దూలం వెనక్కి పోయింది బల్లత్త.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం పిల్లి మళ్ళీ వచ్చింది. బల్లత్త నోరు మూసుకునే చూసింది. చుంచమ్మ పిల్లలకు పాలిస్తోంది. పిల్లి ఆ గడ్డివైపే నడుస్తోంది. బల్లత్త ఉండబట్టలేకపోయింది. నా ఖర్మ అనుకుంటూ "కిచ్ కిచ్" అంది.

చుంచమ్మ కాళ్ళు లేచాయి. కానీ పిల్లలు పాలు వదల్లేదు. వాటిని విదిలించి పారిపోవడానికి మనసొప్పలేదు. కదలకుండా నిలబడిపోయింది. అప్పుడు వినిపించింది, ఎడమవైపు గోనెసంచి మీద గోళ్ళు గీరుతున్న చప్పుడు. పిల్లి వాసన కూడా అటునుంచే వస్తోంది. పొట్టకు వేలాడుతున్న పిల్లలతో సహా కుడివైపు కన్నంలోకి దూకేసింది. పిల్లి పంజాకి గడ్డి మాత్రమే చిక్కింది.

పిల్లి వెళ్ళిపోయాక, "ఆగితే ఎటు పోవాలో తెలిసింది అత్తా," అంది చుంచమ్మ రొప్పుతూ.

"చూసుకోమనే కదా ఇన్నాళ్ళూ గొంతు చించుకుంటున్నాను. ఇప్పటికి వినపడిందా తల్లీ?" అని సణుగుతూనే బల్లత్త కిందికి దిగి, పిల్లలన్నీ క్షేమంగా ఉన్నాయో లేదో కన్నంలోకి తొంగి చూసింది.

అప్పటినుంచే చప్పుడు వినగానే ఎలుక ముందు బిగుసుకుని నిలబడుతుంది. చెవులు తిప్పుతుంది, మీసాలు ఆడిస్తుంది, ఆపైనే పరుగు తీస్తుంది. కాలేజీ ప్రయోగశాలలో పుట్టి, పిల్లి మొహమే ఎరగని తెల్ల ఎలుక దగ్గర గంట మోగించినా అంతే, ఒక్క క్షణం ఆగుతుంది.