నల్లబండ మీది ఎలుగుబంట్లు

కరకకోన అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, ముళ్లపందులు, కుందేళ్లు, తీతువు పిట్టలు ఉండేవి. కోన మధ్యలో ఒక వాగు. వాగు నడుమ పది ఏనుగులంత నల్లబండ. అడవి సభ ఆ బండ మీదే కూర్చునేది.

సభలో పన్నెండు మంది. ఏటా తొలకరికి ముందు పాత సభ దిగిపోవాలి. దిగేముందు కొత్త సభను పాత సభే ఎంచుకోవాలి. తర్వాత రెండు సభలూ కలిసి సభాపెద్దను, వాగు కాపరిని ఎంచుకోవాలి. ఎగువన కూర్చుని, వరద వస్తే కేక వేయడం కాపరి పని. ఎంపిక రోజున అడవి అంతా ఒడ్డున నిలబడి, ఊపిరి బిగబట్టి చూసేది.

మొదట్లో సభలో అన్ని జాతులూ ఉండేవి. ఒక ఏడాది ఎలుగుబంట్లు ఏడయ్యాయి. అప్పటి నుంచి అన్న తమ్ముణ్ణి, తమ్ముడు అన్నను ఎంచుకుంటూ వచ్చారు. కొన్నేళ్లకు పన్నెండూ ఎలుగుబంట్లే.

అలాంటి ఒక ఏడాది ఎంపిక రోజున సభాపెద్ద గుబురయ్య లేచి ప్రకటించాడు. "వాగు కాపరి మా బావమరిది బొద్దులు!"

బొద్దులు అప్పటికే బండ మీద గురక పెడుతున్నాడు.

తీతువు ముందుకొచ్చింది. "పెద్దయ్యా, నా గుడ్లు నాలుగూ ఒడ్డు మీద ఇసుకలోనే ఉన్నాయి. నాకు కునుకు పట్టదు. ఆ కాపలా నాకివ్వండి."

"నిన్నెవరు ఎంచుకున్నారు?"

"ఎంచుకునేది మీరే కదా!"

"మేము ఎంచుకోలేదు కదా! పైగా నీ కూతే అపశకునం."

బండ మీద రెండు సభలవీ కలిపి ఇరవై నాలుగు పొట్టలు నవ్వుతో ఊగాయి.

తీతువు రోజూ తనే ఎగువకు ఎగిరి చూసి వచ్చేది. అయిదో రోజు గుడ్లు పిల్లలయ్యాయి. అదే రోజు ఎగువన ఆకాశం నల్లబడింది. కొండే కదిలి వస్తున్నట్టు ఎర్రటి నీళ్లు వస్తున్నాయి.

తీతువు కోన అంతా కూస్తూ తిరిగింది. దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు గట్టెక్కాయి. తీతువు పిల్లలు వాటి వెనకే పరుగెత్తాయి.

"అయ్యా, దిగండి! వరద!" అని తీతువు బండ చుట్టూ తిరుగుతూ అరిచింది.

గుబురయ్య చిరాకుపడ్డాడు. "కాపరి కేక వేయలేదు. కాబట్టి వరద రాలేదు. కావాలంటే సభలో చర్చిద్దాం."

చర్చ మొదలైంది. ముందుగా వచ్చింది బొద్దులే. నీళ్ల మీద.

"బావా!" అన్న కేక పూర్తికాలేదు. వెనకే మద్దిచెట్లు నిలువునా నడిచి వచ్చాయి. తరతరాలుగా కదలని నల్లబండ గులకరాయిలా దొర్లిపోయింది. అంత నీటిని, అంత చప్పుడును ఆ అడవి ఎన్నడూ ఎరగదు.

ఎలుగుబంట్లు దిగువన కొమ్మలు పట్టుకుని ఎలాగో బతికాయి. మర్నాడు తడిసిన జూలుతో గట్టెక్కి, తలలు దించుకుని నిలబడ్డాయి.

"బండ పోతే సభ పోయినట్టే. పద్ధతి ప్రకారం కొత్త సభను మేము..." అని గుబురయ్య గొణిగాడు.

"ఆగు మామా!" అంది ముసలి దుప్పి. "ఈసారి మమ్మల్ని అడుగు."

ప్రతి జాతీ తన ప్రతినిధిని తానే ఎంచుకుంది. ఎలుగులకూ ఒక చోటు దక్కింది. వాగు కాపరిగా అన్ని గొంతులూ ఒకే పేరు పలికాయి. అందరూ తీతువు కోసం చూశారు. పిల్లల్ని దుప్పి కాళ్ల దగ్గర వదిలి, అది అప్పటికే ఎగువకు ఎగిరిపోయింది.

నీతి: తమవాళ్లనే ఎంచుకుంటూ పోయే సభకు ఆపదవేళ బయటివారి హెచ్చరిక వినిపించదు.