గవరయ్య చేలో పరిగె

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మీ తాతగారి తాతగారు ఇంకా ఉయ్యాల దిగని రోజులన్నమాట. ఏటి ఒడ్డున ఒక పల్లె ఉండేది. అక్కడ చేలున్నవాళ్ళవీ చారెడేసి చేలే. ఆ ఊళ్ళో తాతలనాటి ఆచారం ఒకటుంది. పంట ఎత్తాక నేల రాలిన వెన్నులు రైతువి కావు. వాటిని పరిగె అంటారు. చేను లేనివాళ్ళు వచ్చి ఏరుకుంటారు. అందుకే అక్కడ పొయ్యి వెలగని ఇల్లు ఉండేది కాదు.

ఒక ఏడు గవరయ్య అనే రైతు చేను విరగపండింది. దారిన పోయే షావుకారు చూసి, "పరిగె ఊరికి వదిలేస్తావా? వెర్రిబాగులవాడా!" అని నవ్వాడు. ఆ మాట గవరయ్య బుర్రకెక్కింది. వరి కోయించి, పనలు ఆరబెట్టి, చేను చుట్టూ ముళ్ళకంప వేశాడు.

మొదట కుమ్మరి నూకాలవ్వ వచ్చింది. "పనలెప్పుడెత్తుతావు నాయనా? పరిగెకు రావాలి" అంది.

"ఈ ఏడు పరిగె లేదవ్వా, పో."

తరువాత బుట్టలల్లే పైడమ్మ వచ్చింది. "లేదన్నానా!" అని కసిరాడు. ఆఖరికి గొర్రెలకాపరి సింహాద్రి వస్తే ఏకంగా కర్రే ఎత్తాడు. "మంచిది మావా" అని సింహాద్రి తలవంచుకుని వెళ్ళిపోయాడు.

"ఊరి నోటి కూడు లాక్కుంటే మనకు అరుగుతుందా?" అంది గవరయ్య భార్య మంగతాయి.

"నీకేం తెలుసు, ఊరుకో!" అన్నాడు మగమహారాజు.

మర్నాడు మధ్యాహ్నం తూర్పున కారుమబ్బు లేచింది. పనలన్నీ చేలోనే ఉన్నాయి. తడిస్తే గింజ మొలకెత్తిపోతుంది, ఏడాది తిండి మట్టిపాలవుతుంది. ఆలుమగలిద్దరూ పరుగులు పెట్టి ఎత్తారు. ఇద్దరివల్ల ఏమవుతుంది? పోనీ ఊళ్ళోవాళ్ళను పిలుద్దామంటే ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాడు? గవరయ్య చేలో కూలబడి ఏడ్చేశాడు.

ఇంతలో కంప కదిలిన చప్పుడైంది. చూస్తే నూకాలవ్వ! ముళ్ళు గీరుకుంటున్నా కంప పక్కకు లాగుతోంది. ఆవిడ వెనక పైడమ్మ, సింహాద్రి, వాళ్ళ వెనక ఊరు ఊరంతా. వంగి ఎత్తేవాళ్ళు ఎత్తారు, అందుకునేవాళ్ళు అందుకున్నారు. తొలి చినుకు పడేసరికి కుప్ప వేసి, పైన గడ్డి కూడా కప్పేశారు.

గవరయ్య అవ్వ కాళ్ళు పట్టుకున్నాడు. "నిన్న తరిమేశానే! అయినా నా కోసం వచ్చావా అవ్వా?"

"నీ మొహం! నీ కోసం ఎవరొచ్చార్రా?" అంది నూకాలవ్వ, చెంగుతో నెత్తి తుడుచుకుంటూ. "అన్నం తడిసిపోతుంటే ఇంట్లో ఎలా కూర్చోమంటావు?"

గవరయ్య సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆ వానలోనే కంపంతా పీకి గట్టవతల పారేశాడు.

విన్నారుగా పిల్లలూ! చేను రైతుదే కావచ్చు, అన్నం మాత్రం ఊరందరిదీ.