కుండలో ఆర్నెల్ల మట్టి

"గురువుగారూ, నగ ముఖ్యమా, నగ తయారైన దారి ముఖ్యమా?" అని కాత్యాయని అడిగింది. విజయనగరంలో నాలుగు తరాలుగా కంసాలి పని చేస్తున్న ఇంట పుట్టిన సూర్యలింగాచారి తలెత్తలేదు. ఆయనకు ప్రశ్నలంటే కోపం లేదు గానీ, జవాబు నోటితో చెప్పే అలవాటు లేదు. "రేపు అప్పలకొండ వస్తుంది, ఉండు" అన్నాడు, అంతే.

ఆ జవాబు కాత్యాయనికి చాలా అవసరం. హైదరాబాదులో డిజైను చదువుకుని, వెండితో కొత్తరకం నగలు చేయాలని బయల్దేరిన మనిషి. మూడు వారాల్లో అక్కడే ఆమె మొదటి ప్రదర్శన. ఒకే ఒక కంఠహారం, దాని పక్కన ఆ హారం పుట్టి పెరిగిన తీరు చెప్పే పుస్తకం. ఆరు నెలలుగా ఆచారి కొట్లో ఓ మూల కూర్చుని ఆ పుస్తకం రాస్తోంది. రెండు వందల పేజీలు! గీసిన బొమ్మలు, కొట్టేసిన బొమ్మలు, కుంపటి ఫొటోలు, ఆచారి చేతుల ఫొటోలు, తన సందేహాలు, ఆ సందేహాల మీద మళ్లీ సందేహాలు. కదిలితే ఫొటో చెదురుతుందని, ఆకురాయిని వెండిరేకు మీద ఆనించి ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఫొటో దివ్యంగా వచ్చేది. ఆకురాయి తిరిగి పెట్టెలోకి వెళ్లేది. అలా పుస్తకం పూర్తయింది. హారం సంగతి ఎవరడిగినా "ఇంకా రూపు దిద్దుకుంటోంది" అనేది. పాపం, ఆ మాట ఆమె నమ్మింది కూడా.

ఆ కొట్లో ఒక పాత ఆనవాయితీ ఉంది. సాయంత్రం ఎవరి చోటు వాళ్లు ఊడ్చి, ఆ మట్టిని ఎవరి కుండలో వాళ్లు పోసుకోవాలి. ఆకురాయి రాపిడికి రాలిన బంగారు రజను, వెండి రజను ఆ మట్టిలోనే ఉంటుంది. ఆర్నెల్లకోసారి దాన్ని కడిగి రజను తీసేవాళ్లు వస్తారు. కాత్యాయని ఒక్కరోజు కూడా ఊడవడం మానలేదు. నిండిన తన కుండ ఫొటోకు పుస్తకంలో ఒక పూర్తి పేజీ ఇచ్చి, కింద "నా శ్రమ బరువు" అని రాసుకుంది.

మర్నాడు పొద్దున్నే అప్పలకొండ వచ్చింది. ముప్పై ఏళ్లుగా కంసాలి కొట్ల మట్టి కడుగుతున్న మనిషి. పెరట్లో తొట్టి ముందు గొంతుకూర్చుని, ముందు ఆచారి కుండ అందుకుంది. వెడల్పాటి చెక్కపళ్లెంలో మట్టి పోసి నీళ్లలో తిప్పుతూ ఉంటే మట్టంతా కొట్టుకుపోయి, అడుగున పచ్చటి గీత ఒకటి మిగిలింది. ఆమె దాన్ని చూసి మొహం చిట్లించింది.

"ఆచారి బాబూ, పోయినసారి కన్నా ఎక్కువ రాలిందేటి? సెయ్యి ఒణుకుతోందా?"

"వణుకుతోందమ్మా" అన్నాడాయన. "చూపు కూడా తగ్గింది."

కాత్యాయనికి మనసు కలుక్కుమంది. ఆ చేతుల్ని ఎన్నిసార్లు ఫొటో తీసిందో లెక్కే లేదు. వాటిలో చాలా చెదిరిపోయి వచ్చాయి. కెమెరా తప్పనుకుని తీసి పారేసింది.

తర్వాత ఆమె కుండ వంతు. "అబ్బో, నిండుగా ఉందే!" అంటూ అప్పలకొండ ఉత్సాహంగా మొదలుపెట్టింది. ముందు పెన్సిలు చెక్కినప్పటి పొట్టు తేలింది. తర్వాత కాగితం ముక్కలు, దారప్పోగులు, గోడ సున్నం పెచ్చులు. మూడుసార్లు నీళ్లు మార్చింది. చివరికి చెక్కపళ్లెం అడుగు శుభ్రంగా కనబడింది. నమ్మలేనట్టు వేలితో తడిమి కూడా చూసింది.

"ఇందులో ఏటీ నేదమ్మా" అంది జాలిగా. "పని ఇంకా మొదలెట్టనేదా?"

అందులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది. కాత్యాయని సిగ్గుతో చితికిపోయింది. "ఆలోచించడం కూడా పనే కదా గురువుగారూ" అంది. ఆచారి తన రజనును కాగితంలో పొట్లం కడుతున్నాడు. ఈ కుండలో రజను లేదన్న సంగతి హైదరాబాదులో ఎవరికీ తెలియదు. అక్కడివాళ్లు పుస్తకం తిరగేస్తారు, మెచ్చుకుంటారు, హారం లేకపోవడం కూడా ఒక గొప్ప ఆలోచనే అంటారు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకే ఏడుపొచ్చింది.

"పుస్తకం తగలబెట్టేయమంటారా?" అని అడిగింది.

"ఎందుకమ్మా, కష్టపడి రాశావు" అన్నాడు ఆచారి. "ఆ కుండ ఫొటో ఉన్న పేజీ తెరువు. అప్పలకొండ ఇప్పుడన్న మాట దాని కింద రాసి, అప్పుడు అచ్చుకివ్వు."