గొర్రె గుండె అచ్చు

వీరకుమారి అనే రోగి డాక్టర్ శశిభూషణ్‌కి పెద్ద తలనొప్పిగా తయారైంది.

ఆమెది మిర్చి యార్డులో కాయలకు తొడిమలు తీసే పని. నలభై దాటిన మనిషి. నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, గుండె మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు ఉంటుందని ఆసుపత్రిలో చేరింది. శశిభూషణ్ యాంజియోగ్రాం చేశాడు. గుండెకు రక్తం అందించే మూడు పెద్ద నాళాలూ తెర మీద తళతళా కనిపించాయి. ఎక్కడా పూడిక లేదు. అంత శుభ్రమైన నాళాలు తనకైనా ఉన్నాయో లేదో అనుకున్నాడు.

“నీకేం లేదమ్మా. సాయంత్రం ఇంటికెళ్ళిపోవచ్చు” అన్నాడు.

“మరి నొప్పి బాబూ?”

“అది గుండెది కాదు, మనసుది. ఊరికే దిగులు పెట్టుకోకు.”

పక్కనే ఉన్న అత్తగారు ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు అందుకుంది. “నే జెప్తానే ఉన్నా గదా. పనిదొంగ ఏషాలియ్యన్నీ. ఇప్పుడు డాక్టరు బాబే జెప్పాడు, ఇన్నావా?”

వీరకుమారి ఏడవలేదు. శశిభూషణ్ వంక సూటిగా చూసింది.

“బాబూ, ఇంట్లో ఎట్టాగూ ఎవురూ నమ్మట్లా. మీరన్నా నమ్ముతారని వచ్చా. మీరే ఏం లేదంటే ఇంక నేను సచ్చినా నమ్మరు.”

శశిభూషణ్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఇన్నేళ్ళు చదివింది, ఇంత పెద్ద యంత్రం ముందు నిలబడింది రోగి చెప్పిన మాట నమ్మడానికా? అక్కణ్ణించి వచ్చేశాడు. వచ్చాడన్న మాటేగాని ఆమె చూపు మాత్రం వెంటే వచ్చింది. గురువుగారి చేత కూడా ఆ మాటే అనిపిస్తే మనసు కుదుటపడుతుందని ప్రయోగశాల వైపు నడిచాడు.

గురువుగారంటే బేతపూడి దైవకృప గారు. ఉద్యోగ విరమణ చేసినా కాలేజీ వెనకున్న ఆ రెండు గదుల ప్రయోగశాలకి రాకుండా ఉండలేని మనిషి. గుండె కండలోకి దూరిపోయే వెంట్రుకల్లాంటి సన్న నాళాల మీదే జీవితమంతా గడిపారు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు టీ రావాలని విద్యార్థులు నవ్వుకునేవారు. శశిభూషణ్ ఆయన దగ్గరే పరిశోధన చేస్తున్నాడు, కానీ అంత ఇష్టంగా ఏమీ కాదు. పెద్ద నాళం పూడితే గొట్టం వేసి తెరవొచ్చు, మనిషి లేచి కూర్చుంటాడు, డాక్టరుకి దండం పెడతాడు. కంటికి ఆనని నాళాలతో ఏం చేసుకుంటాం?

విషయమంతా చెప్పి, “ఆవిడ నాళాలు భేషుగ్గా ఉన్నాయి సర్. ఆవిడే బాగాలేదు” అని నవ్వాడు.

గురువుగారు నవ్వలేదు. మూలనున్న తొట్టి వైపు చెయ్యి చూపించారు.

“అచ్చు తయారైనట్టుంది. బయటికి తీసి సర్దు. ఫొటో తీయాలి, నాళాలు బాగా కనపడాలి” అని టీ కోసం బయటికి వెళ్ళారు.

ఆ ప్రయోగశాలలో అదొక పద్ధతి. కసాయి కొట్టు నించి తాజాగా గొర్రె గుండె తెప్పిస్తారు. దాని నాళాల్లోకి ఎర్ర రంగు కలిపిన పల్చటి ప్లాస్టిక్ ద్రవం ఎక్కిస్తారు. అది లోపల గట్టిపడ్డాక గుండెని కాస్టిక్ నీళ్ళలో నానేస్తారు. మాంసమంతా కరిగిపోతుంది. నాళాల అచ్చు ఒక్కటే మిగులుతుంది.

శశిభూషణ్ అచ్చుని పైకి తీసి కడిగాడు. కండ పిసరంత కూడా లేదు. అయినా గుండె గుండెలాగే ఉంది. పైన వెడల్పు, కింద మొన, మధ్యలో పల్లం, అన్నీ ఉన్నాయి. ఒళ్ళంతా ఎర్రటి నూగు పట్టి మెత్తగా కనిపిస్తోంది. ఆ నూగు దట్టంగా కమ్మేసి అసలు పెద్ద నాళాలు ఎక్కడున్నాయో తెలియడం లేదు.

ఇలా ఉంటే ఫొటోలో ఏం కనపడుతుంది? శశిభూషణ్ చిన్న కత్తెర, పట్టకారు తీసుకుని కూర్చున్నాడు. అతని చెయ్యి మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక్క కొమ్మ విరగకుండా నూగునంతా దువ్వి, కత్తిరించి, ఊదేశాడు. రాలిన ఎర్ర పొడిని కాగితంలోకి ఊడ్చి చెత్తబుట్టలో పడేశాడు. తెల్ల గుడ్డ పరిచి, మిగిలిన మూడు నాళాలనూ వాటి కొమ్మలతో సహా అందంగా అమర్చాడు. గురువుగారు మెచ్చుకుంటారనే అనుకున్నాడు.

గురువుగారు టీ గ్లాసుతో లోపలికొచ్చారు. అచ్చుని చాలాసేపు చూశారు.

“నాళాలు బాగా కనపడుతున్నాయి” అన్నారు.

శశిభూషణ్ మొహం వెలిగిపోయింది.

ఆయన గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, వంగి బల్ల కింద చూశారు. తర్వాత తొట్టిలోకి తొంగి చూశారు. గుడ్డ అంచు ఎత్తి దాని కిందా చూశారు.

“ఏం వెతుకుతున్నారు సర్? నేను చూస్తానుండండి.”

“గుండె ఏదయ్యా?” అన్నారు గురువుగారు. “ఇందాక ఇక్కడే ఉంది.”

శశిభూషణ్ బల్ల వైపు చూశాడు. తెల్లటి గుడ్డ మీద కొమ్మలు చాచిన మూడు నాళాలు. ఎక్కడా పూడిక లేదు. పొద్దున తెర మీద చూసింది అచ్చం ఈ బొమ్మనే. నీకేం లేదు పొమ్మని చెప్పింది కూడా దీన్ని చూసే.

అతనికి సిగ్గేసింది.

“అడ్డొస్తోందని తీసేశాను సర్.”

గురువుగారు టీ తాగుతున్నారు.

“కానీ సర్, ఆ నూగంత సన్న నాళాలు యాంజియోగ్రాంలో కనపడవు కదా? బాధ వాటిలో ఉంటే నాకెలా తెలుస్తుంది?”

“ఆవిడ చెప్పిందన్నావుగా.”

శశిభూషణ్ గబగబా బయటికి నడిచాడు.

అతను వార్డుకి వెళ్ళేసరికి అత్తగారు సంచులు సర్దేసి, దుప్పటి మడతేస్తోంది. వీరకుమారి మంచం అంచున చెప్పులు వేసుకుని కూర్చుంది. డాక్టర్ని చూసి లేవబోయింది. వద్దని, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“ఇవాళ మీరు ఇంటికి వెళ్ళట్లేదమ్మా. ఇంకో పరీక్ష చెయ్యాలి.” తర్వాత అత్తగారి వైపు తిరిగాడు. “ఈమెవి వేషాలు కావు పెద్దమ్మా. పొద్దున నేను చెప్పింది తప్పు.”

ముసలావిడ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

“ఇప్పుడు చెప్పండి” అన్నాడు వీరకుమారితో. “నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుంది? ఎలా ఉంటుంది? మొదట్నించీ చెప్పండి.”

వీరకుమారి అతని చేతులకేసి చూసింది. వాటిలో కాగితాలు లేవు, మెడలో స్టెతస్కోపు కూడా లేదు. అత్తగారి వంక ఒకసారి చూసింది.

తర్వాత కాళ్ళకున్న చెప్పులు విడిచి, చెప్పడం మొదలుపెట్టింది.