గవరమ్మకి తక్కువైన పేరు

ఊఁ కొడితేనే చెప్తాను. మీరు ఊఁ కొట్టకుండా కునుకు తీస్తే నా కథ నాకే మిగుల్తుంది.

అప్పుడెప్పుడో, మన వాగుకి వంతెన అన్న ఊసే లేని కాలంలో, అవతలి గట్టున గవరమ్మ ఉండేది. మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఉన్నవల్లా మేకలు. ఇవతల ఊరు, అవతల గవరమ్మ, నడుమ పాకుడు రాళ్లు.

ఒకనాడు ఆ రాళ్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. దారిన పోయే గోసాయి కట్టు కట్టాడు. ఎముక అతికాక మూడు పనులు నేర్పాడు.

"పొద్దున్నే మడమలు లేవకుండా గొంతుక్కూర్చో. పాదాన్ని తిరగలి తిప్పినట్టు తిప్పు. ఆపైన ఒంటికాలి మీద నిలబడు."

"ఎంతసేపు బాబూ?"

"పిలిస్తే పలికేవాళ్లని ముగ్గుర్ని పేరుపేరునా పిలిచేంతసేపు. అప్పటిదాకా తుంటి వణక్కపోతే వాగు దాటు."

గోసాయి వెళ్లిపోయాడు. గవరమ్మ గొంతుక్కూర్చుంది. పాదం తిప్పింది. ఒంటికాలి మీద నిలబడింది. "ఓ అమ్మా!" అని పిలిచింది. "ఓ సిమ్మయ్యా!" అని మొగుణ్ణి పిలిచింది. ఇద్దరూ ఉన్నన్నాళ్లూ పలికినవాళ్లే. మూడో పేరు ఎంత వెతికినా దొరకలేదు. కాలు దించేసింది.

నీళ్లకొచ్చిన ఊరివాళ్లు నవ్వారు. "అదుగో, కొంగ జపం మొదలెట్టీసింది!"

కొంగకి చేపల మీద ఆశ. గవరమ్మకి ఉన్న ఆశ ఒక్కటే, చచ్చేలోగా ఒక్కపూట నలుగురి మధ్య కూర్చుని కూడు తినాలని.

ఏళ్లు గడిచాయి. కాలు రాటలా గట్టిపడింది. ఎప్పుడో దాటేయొచ్చు. కానీ దాటలేదు. పిచ్చితల్లి, గోసాయి కొలతకి చెప్పిన మాటని ఒట్టు అనుకుంది. రోజూ మూడు పనులు, రెండు పేర్లు, ఆపైన ఊరుకోవడం.

ఒక వానాకాలం సీతాలు అనే కొత్తకోడలు కొట్టుకొచ్చిన కట్టెల కోసం వాగులో దిగి, నడిమధ్యన జారింది. గట్టు మీదివాళ్లంతా అరిచారు. ఒక్కరూ దిగలేదు. గవరమ్మ దిగింది. ఏ పేరూ పిలవలేదు. రాళ్ల సందున కాలు తన్నిపెట్టి నిలబడి, పిల్ల జుట్టు పట్టి ఇవతలి గట్టుకి లాక్కొచ్చింది.

"నీ పేరేటే?"

"సీతాలు మామ్మా."

"నాను పిలిస్తే పలుకుతావేటి?"

"పలుకుతాను మామ్మా."

గవరమ్మ గొల్లున ఏడ్చింది. ఆ పూట సీతాలు ఇంట్లో పదిమంది మధ్య కూర్చుని గంజన్నం తింది. మేకలున్నాయని పొద్దుగూకకుండానే, ఏ రాయి మీద ఎలా అడుగెయ్యాలో సీతాలుకి చూపిస్తూ వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి పొద్దున్నే మూడో పిలుపు వినపడేది. "ఓ సీతాలూ!" ఇవతల నుంచి "ఓయ్ మామ్మా!" అని జవాబు వెళ్లేది. ఒకరోజు పిలుపు రాలేదు. మామ్మ చూపించినట్టు రాళ్ల మీద అడుగేసుకుంటూ సీతాలే వెళ్లింది. గవరమ్మ చాప మీదే కన్నుమూసి ఉంది. మేకలు చుట్టూ పడుకున్నాయి.

ఇప్పుడు వంతెన ఉంది. అయినా మనవాళ్లు దాటేముందు గొంతుక్కూర్చుంటారు, పాదం తిప్పుతారు, ఒంటికాలి మీద నిలబడతారు. మొదటి రెండు పేర్లు ఎవరివి వాళ్లవే. మూడోది మాత్రం అందరికీ ఒకటే. "ఓ గవరమ్మా!" అనాలి. పక్కనున్నవాళ్లు "ఓయ్" అని పలకాలి.

ఒక్కడే వచ్చినవాడైతే, వాడే పిలిచి వాడే పలుకుతాడు.