మూడు దారుల పందెంలో నూకాలు

అనగనగా, ఒక పెద్ద నది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట, ఆ పాయల నడుమ ఒక లంక. లంక నిండా ఇసుక. ఇసుకలో పుచ్చపాదులు, దోసపాదులు. పాదుల పక్కన గుడిసెలు. ఆ గుడిసెల్లో పుట్టిన పిల్లలకు నడకా ఈతా ఒకేసారి వచ్చేవి.

లంకకు ఒకటే లోటు. పడవ లేదు.

రాజుగారి పడవ అవతలి ఒడ్డున, పట్నం రేవులో ఉండేది. లంకవాళ్లు కేక వేయాలి. పడవ నడిపే సరంగు వినాలి. తీరిక చేసుకుని రావాలి. నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో ఈది వెళ్లేవారు కాబట్టి బాధ లేదు. వరద రోజుల్లో మాత్రం కేక నీటి హోరులో కలిసిపోయేది. ఏళ్ల కిందట ఒక శ్రావణమాసంలో చంద్రమ్మ అనే నిండు చూలాలు నొప్పులు పడుతూ ఒడ్డున పొద్దంతా పడుకుంది. పడవ రాలేదు. చంద్రమ్మ ఇక లేవలేదు.

ఆ రోజు గొంతు పోయేదాకా కేకలు వేసిన మనిషి ఆమె చెల్లెలు నూకాలు.

పడవ అడగడానికి దారి లేకపోలేదు. ఆ దేశపు రాజు కేసరివర్మ ఏటా ఫాల్గుణంలో మూడు దారుల పందెం పెట్టేవాడు. ఊరికి ఒక మనిషి. మొదట లంక కొన నుంచి పట్నం రేవు దాకా నది ఈదాలి. తరువాత నాలుగు కాళ్ల జంతువు ఏదైనా ఎక్కి కొండ మొదలు దాకా వెళ్లాలి. అక్కడి నుంచి తన కాళ్ల మీదే కొండ ఎక్కి, శిఖరాన ఉన్న గంట కొట్టాలి. అందరికంటే ముందు కొట్టినవాడికి పూలదండ. పొద్దు గుంకేలోగా కొట్టిన ప్రతి ఒక్కరికీ, తమ ఊరి కోసం ఒక కోరిక.

పందెం మొదలైన నాటి నుంచి లంకవాళ్లు ఒక్కసారి కూడా గంట కొట్టలేదు. నీళ్లలో మాత్రం ప్రతి ఏడూ వాళ్లే మొదట. ఆ రోజు లంక లంకంతా తెల్లవారకముందే రేవుకు చేరి మెట్ల మీద కూర్చునేది. తమవాడు అందరికంటే ముందు గట్టెక్కగానే ఈలలు, డప్పులు, గంతులు. ఆ సంబరంతోనే ఇంటికి వెళ్లిపోయేవారు. తరువాత ఏం జరిగిందో ఎవరూ చూడలేదు, అడగలేదు.

చూసింది నూకాలు ఒక్కతే. కిందటేడు పుచ్చకాయలు అమ్ముకుంటూ కొండ మొదట్లో కూర్చుంది. నీళ్లలో మొదట తేలిన ఆమె మేనమామ భద్రయ్య అక్కడికి చేరేసరికి మనిషి మనిషిలా లేడు. అరువు తెచ్చుకున్న గుర్రం దిగాడు, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు, అక్కడే కూలబడ్డాడు. బలమంతా నదిలోనే పోసేసి వచ్చాడని ఆమెకు అర్థమైంది. లంకకు వెళ్లాక భద్రయ్య, "గుర్రం మొరాయించిందర్రా, లేకపోతేనా!" అన్నాడు.

ఈ ఏడు భద్రయ్యకు మోకాలు పట్టేసింది.

"నేను వెళతా మామా," అంది నూకాలు.

భద్రయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. నలభై దాటిన మనిషి. పాదులకు నీళ్లు మోసి మోసి భుజాలు మాత్రం ఇనుపకడ్డీల్లా ఉన్నాయి.

"నీ ఈత నేను నేర్పిందే కదే. వెళ్లు. ఒకటే మాట. నీళ్లలో మనం ముందుండాలి. లంకోళ్లు వెనకబడితే నదిలో చేపలు కూడా నవ్వుతాయి."

ఆనాటి నుంచి నూకాలు రోజూ పాదులకు నీళ్లు పోశాక నదిలో ఈదేది. ఈతయ్యాక గేదెనెక్కి లంక చుట్టూ తిరిగేది. దిగి ఇసుకదిబ్బలు పరుగున ఎక్కేది. చూసినవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

గేదె పేరు కాటుక. దానికి నోరు కాస్త ఎక్కువ.

"అక్కా, పాలు పిండుకున్నావు, సరే అన్నాను. ఈ ఎక్కడమేంటి?"

"మనకు గుర్రం లేదే."

"ఉన్నా నువ్వు దాని మీద నిలవవు."

"అందుకే నిన్ను అడుగుతున్నా."

కాటుక కాసేపు నెమరు వేసి, "వస్తా. కానీ నాదొక షరతు. ఎండ నాకు పడదు. దారిలో నీళ్లు కనిపిస్తే దిగుతా. ఒళ్లు చల్లబడ్డాక నేనే లేస్తా. ఎవరెంత ముందుకు పోయినా కర్ర ఎత్తకూడదు," అంది.

"ఎత్తను," అంది నూకాలు.

పందెం రోజు వచ్చింది. కొమ్ము ఊదారు. అందరూ నీళ్లలోకి దూకారు.

నది మధ్యకు వచ్చేసరికి రేవు మెట్ల మీది నుంచి కేకలు వినిపించాయి. "నూకాలూ! లాగవే! లాగూ!" ఆమె పక్కనుంచి వేరే ఊళ్ల తరఫున దిగిన సిపాయిలు దాటిపోతున్నారు. వాళ్ల ఈత చూస్తే ఆమెకు నవ్వొచ్చింది. నీళ్లను కొడుతున్నారే తప్ప తోయడం లేదు. నాలుగు బారలు గట్టిగా వేస్తే అందరినీ వెనక్కి నెట్టేయగలదు. చేతులు ఊరుకోనన్నాయి. ఆమె పళ్లు బిగించి, పాదులకు నీళ్లు మోసేటప్పటిలాగే, అదే ఊపు, అదే ఊపిరితో ఈదింది. సగం మంది గట్టెక్కాక తాను గట్టెక్కింది.

మెట్ల మీద డప్పు మోగలేదు.

"పరువంతా నదిలో కలిపేశావు కదే!" అన్నాడు భద్రయ్య. "ఆ పిండిబస్తాలాంటి సిపాయి కూడా నీకంటే ముందే తేలాడు! నీకు ఈత నేర్పింది నేనని ఎవరితోనూ అనకు."

"అనను మామా," అని నూకాలు కొంగు పిండుకుని, ముందే రేవుకు ఈదించి తెచ్చి ఉంచిన కాటుక వైపు నడిచింది. ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి లంకవాళ్లంతా డప్పులు తలల మీద పెట్టుకుని నీళ్లలోకి దిగిపోతున్నారు. పందెం అయిపోయిందనే వాళ్ల లెక్క.

రెండో దారి మొదలైంది. గుర్రాలు దుమ్ము లేపుకుంటూ పోయాయి. కాటుక తన తీరున తాను పరుగెత్తింది. చింతతోపు దాటగానే ఒక గుంట కనిపించింది. కాటుక దిగింది, పొర్లింది, లేచింది. మరికొంత దూరం పోయాక ఒక కాలువ. మళ్లీ దిగింది. మూడోసారి తామరల మడుగు. ఎండ నడినెత్తి మీద ఉంది. ఈసారి కాటుక ముక్కు మాత్రం పైకి పెట్టి కళ్లు మూసుకుంది.

గట్టున నిలబడ్డ నూకాలుకు చెయ్యి దురద పెట్టింది. చేతికందే దూరంలో వెదురుబెత్తం పడి ఉంది. మాట ఇచ్చిన సంగతి గుర్తుచేసుకుని చేతులు కట్టుకుంది.

అటుగా ఒక వర్తకుడు వచ్చాడు. పేరు ధనగుప్తుడు. చేతిలో గుర్రం కళ్లెం. గుర్రం తెల్లగా, ఇంకా చెమట పట్టకుండా ఉంది.

"ఏమమ్మా, నీ గుర్రం నిద్రపోయినట్టుందే!"

"లేస్తుంది బాబూ."

"లేచేసరికి చీకటి పడుతుంది. ఇదిగో, ఇది ఎక్కు. మధ్యలో జంతువును మార్చకూడదని ఎవరూ చెప్పలేదు. ఎగిరిపోతావు. గంట కొట్టాక మాత్రం రాజుగారిని నేను చెప్పింది అడగాలి. రేవు నాకు రాసిమ్మను. పడవ నేనే నడిపిస్తా. మీ లంకకూ వస్తుందిలే, తీరిక ఉన్నప్పుడు."

ఆఖరి మాట వినగానే నూకాలు ముఖం మారింది.

"ఈ కోరిక అమ్ముకోవడానికి నాది కాదు బాబూ. లంకది. గుర్రం జాగ్రత్త, ఎండకు నిలబెట్టారు."

ధనగుప్తుడు గొణుక్కుంటూ పోయాడు. అతను మలుపు తిరిగేలోపే కాటుక బుస్సుమని లేచింది. "అక్కా, ఎక్కు. అంతా విన్నాలే," అంది. ఆ తరువాత అది ఆగలేదు. దారి పక్కన, చెట్ల నీడల్లో, నురగలు కక్కుతున్న గుర్రాలను బతిమాలుకుంటూ రౌతులు కనిపించారు. కాటుక ఒక్కొక్కరినీ పలకరించకుండానే దాటింది.

కొండ మొదట్లో నూకాలు దిగింది. నిలబడబోతే కాళ్లు తనవి కానట్టున్నాయి. తొడలు కొయ్యబారాయి. పైకి చూసింది. మెట్లు ఆకాశంలోకి పోతున్నాయి. మళ్లీ పైకి చూడలేదు. ఎదుటి మెట్టు చూసుకుని ఎక్కింది, ఆ తరువాత దానికి ఎదుటిది.

సగం కొండ ఎక్కేసరికి పొద్దు వాలింది. శిఖరం మీద నగారా మోగింది. పొద్దు గుంకుతోందని హెచ్చరిక. ఆ చప్పుడుకు ముందున్నవాళ్లంతా ఒక్కసారి పరుగందుకున్నారు. పొద్దున ఆమె కంటే ముందు తేలిన బొద్దు సిపాయి కూడా, "నా ఊరికి చెరువు కావాలి తల్లీ!" అని అరుస్తూ దూసుకుపోయి, రెండు మలుపుల అవతల గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు.

నూకాలు కాళ్లు కూడా ఎగరబోయాయి. నగారా చెవుల్లో మోగుతుంటే నెమ్మదిగా ఎక్కడం కంటే కష్టమైన పని ఆమె అంతవరకు చెయ్యలేదు. అక్క గొంతు వినిపించినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అడుగు తప్పించలేదు, పెంచలేదు. సిపాయి దగ్గరకు వచ్చి, "తమ్ముడూ, లే. పరుగెత్తకు. నా వెనకే అడుగులో అడుగు వేసుకుంటూ రా," అంది.

"నా వల్ల కాదక్కా."

"ఈ ఒక్క మెట్టూ అవుతుంది కదా!"

అతను లేచాడు.

సూర్యుడు కొండల వెనక ఒక గీతలా మిగిలినప్పుడు నూకాలు గంట దగ్గరకు చేరింది. తాడు లాగడానికి చేతులు లేవలేదు. ఒళ్లంతా తాడు మీద వేలాడేసింది. గంట మోగింది. వెనకే సిపాయి కూడా అలాగే వేలాడాడు. మళ్లీ మోగింది. గీత మాయమైంది.

గంట పక్కనే కూర్చుని ఉన్న రాజు కేసరివర్మ నవ్వాడు. "దండ వేయించుకున్నవాడు మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. మీ తరువాత ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు ప్రభూ. మెట్ల మీద కూర్చున్నారు," అంది నూకాలు.

"లంకవాళ్లు నీళ్లలో ఎప్పుడూ ముందుంటారే! నువ్వు వెనకబడ్డావని విన్నాను."

"నది దాటితే పందెం అయిపోయిందని మావాళ్లు అనుకుంటారు ప్రభూ. గంట ఇక్కడ కదా ఉంది!"

రాజు నవ్వు ఆగింది. అతను ఆమెను మళ్లీ చూశాడు. ఈసారి నిదానంగా చూశాడు. "అడుగమ్మా," అన్నాడు. లేచి నిలబడి అన్నాడు.

"మాకొక పడవ కావాలి. అది మా ఒడ్డునే కట్టి ఉండాలి. విప్పేదీ కట్టేదీ మేమే కావాలి."

మర్నాడు పొద్దెక్కాక లంకవాళ్లు పాదుల్లో వంగి ఉండగా నది మీద ఒక పడవ కనిపించింది. కొత్త తారు పూసిన పడవ. పక్కనే, పడవ ఎక్కనని మొండికేసి, ఒక గేదె ఈదుకుంటూ వస్తోంది. పడవలో ఎవరో మోకు చుట్ట మీద తల పెట్టి నిద్రపోతున్నారు.

"ఈ పడవ ఎవరిదిరా?" అని అరిచాడు భద్రయ్య.

"మీదే! ఈవిడ గంట కొట్టి తెచ్చింది," అన్నాడు సరంగు. "ఎక్కడ కట్టమంటారు?"

భద్రయ్య మోకాలి నొప్పితోనే నీళ్లలోకి దిగాడు. నడుములోతు దాకా వెళ్లి మోకు అందుకుని, ఒడ్డున చంద్రమ్మను పడుకోబెట్టిన చోటే గుంజ పాతి కట్టాడు. అప్పటికి నూకాలు లేచింది. ఆయన ఆమె ముఖంలోకి సూటిగా చూడలేకపోయాడు.

"అన్నేళ్లు ఈదాను గానీ, పైకెప్పుడూ పోలేదే," అన్నాడు చివరికి. "పైనుంచి ఎలా ఉంటుందే?"

"మన లంక కనిపిస్తుంది మామా," అంది నూకాలు. "అరచేతంత."

చప్పట్లు మోగిన చోటే పని ముగిసిందనుకోకుండా, అది నిజంగా ముగిసే చోటు ఎరిగి, అక్కడిదాకా బలాన్నీ మాటనూ నిలుపుకున్నవాళ్లే అనుకున్నది సాధిస్తారు.