గవరమ్మ చూసిన చుక్క

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు కాదులెండి, మన ఊళ్ళో ఇంత మంచివాళ్ళు లేరు, గవరమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఒక కోడి ఉండేది, అదీ మాట వినేది కాదు. పక్కిల్లు నూకాలుది. ఒకప్పుడు ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటూ ఒకే చేటలో బియ్యం ఏరుకునేవాళ్ళు. ఇంతలో గవరమ్మ గుమ్మడిపాదు గోడెక్కి అటువైపు ఒక కాయ కాసింది. నూకాలు దాన్ని పులుసు పెట్టేసింది. అంతే, ఏడేళ్ళు మాటల్లేవు. ఆ పులుసులో ఉప్పు కూడా ఎక్కువైందట.

ఊ కొడుతున్నారా? ఊ కొట్టండి, మీ తాతయ్యలా గురక కొట్టకండి.

ఒకనాడు దీపాలు పెట్టే వేళ, చలికి ఊరంతా తలుపులేసుకుని కూచుంటే, గవరమ్మ పెరట్లో అంట్లు తోముతోంది. ఉన్నట్టుండి గుమ్మడికాయంత నిప్పుముద్ద ఆకాశంలో ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకుపోయింది. తోమిన చెంబు మెరిసింది, తోమని చెంబూ మెరిసింది. ఆవిడ నీడ గోడ మీంచి నూతిదాకా గిర్రున తిరిగింది. ఆఖర్న ఆ నిప్పు అరిటాకు రంగుకి తిరిగి ఆరిపోయింది.

"చూశావా" అని పక్కకి తిరిగింది గవరమ్మ. పక్కన రోలు ఉంది.

ఒక్కరైనా నేనూ చూశానంటే చాలనుకుని వీధిలో పడింది. మునసబు తలుపు తట్టి, చుక్క పడింది బాబూ అంది. ఎన్ని చుక్కలు పడ్డాయేమిటి అన్నాడాయన. ఆయనకి చుక్కంటే సారా చుక్కే, అలవాటు మరి. పంతులుగారికి చెబితే ముక్కు మూసుకుని, ఈ వయసులో మానెయ్యమ్మా అన్నాడు. మునసబు నవ్వాడని పంతులు నవ్వాడు, పంతులు నవ్వాడని కొట్టు వీరన్న నవ్వాడు, వీరన్న నవ్వాడని వీరన్న మేక పళ్ళికిలించింది. నిప్పు రంగేమిటని ఒక్కరూ అడగలేదు.

ఇంటికొచ్చి కోడికి చెప్పింది. కోడి గంప కిందికి పోయింది. గవరమ్మ రోలు మీద కూచుంది.

గోడ అవతల ఎవరో దగ్గారు.

"ఆఖర్న అరిటాకు రంగు తిరిగింది కదూ, వదినా."

గవరమ్మ రోలు మీంచి లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. "లేత అరిటాకు" అంది.

"లేతదే. నేనూ పక్కకి తిరిగి చూశావా అన్నాను. మా పెరట్లో రోలు కూడా లేదు."

మర్నాటి నుంచి దీపాల వేళకి ఇద్దరూ ఒకే పెరట్లో పీటలేసుకుని ఆకాశం చూసేవాళ్ళు. మళ్ళీ చుక్కేమీ పడలేదు. ఇద్దరూ కలిసి తాగుతున్నారని ఊరు చెప్పుకుంది. చెప్పుకోనీ. ఆ ఏడు గుమ్మడిపాదు మళ్ళీ గోడెక్కింది, పులుసు ఈసారి ఇద్దరూ తిన్నారు. ఉప్పు అప్పుడూ ఎక్కువేనట.

అందుకని పిల్లలూ, తగాదా పడితే పడండి, ఆకాశంలో ఏదైనా కనిపిస్తే మాత్రం ముందు పక్కింటివాళ్ళని పిలవండి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.